పారాసిటమాల్ కొలతలో రీడింగ్ తేడాగా వస్తే: సమస్య - పరిష్కారం

పారాసిటమాల్ మాత్రల్లో మందు ఎంతుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో చూపే మెషిన్) కొలిచేటప్పుడు, ముందు రావాల్సిన అంకె తెలియాలి. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) పద్ధతిలో 0.15 గ్రాముల మందు ఉండేంత మాత్రల పొడిని క్షారంలో కరిగించి 200 మి.లీ. చేస్తాం. దాన్ని వడకట్టి రెండుసార్లు పదేసి రెట్లు పలచన చేస్తే, చివరికి మి.లీ.కి 7.5 మైక్రోగ్రాములు మిగులుతుంది. 257 నానోమీటర్ల దగ్గర దాని అబ్సార్బెన్స్ (కాంతిని పీల్చుకునే కొలత) సుమారు 0.536 ఉండాలి. ఈ లెక్క చేతిలో ఉంటే తప్పు ఎక్కడుందో వెతకడం సులువు.

రీడింగ్ 0.48 దగ్గరే ఆగిపోయింది

మాత్రలో మందు తక్కువుందని వెంటనే రాసేయకండి. స్టాండర్డ్ పారాసిటమాల్‌ని (స్వచ్ఛత ముందే తెలిసిన నమూనా) కూడా అదే దారిలో నడిపించి చూడండి. స్టాండర్డ్ సరిగ్గా వచ్చి మాత్ర ఒక్కటే తగ్గితే, మందు పొడిలోంచి పూర్తిగా దిగలేదన్నమాట. పొడి మెత్తగా నూరి, 15 నిమిషాలు ఆపకుండా కుదపండి. వడకట్టేటప్పుడు మొదట దిగిన కొన్ని మి.లీ. పారబోయండి. ఫిల్టర్ కాగితం కొంత మందును పట్టేసుకోవచ్చు. రెండూ తగ్గితే తప్పు పిపెట్‌లోనో, ఫ్లాస్క్ గీత దగ్గరో, మెషిన్‌లోనో ఉంది. మెషిన్‌కి పొటాషియం డైక్రోమేట్ పరీక్ష (అబ్సార్బెన్స్ ముందే తెలిసిన ద్రావణంతో మెషిన్‌ని సరిచూడటం) పెట్టండి. ఆ పరీక్షకు వాడే తరంగదైర్ఘ్యాల్లో 257 కూడా ఒకటి కాబట్టి మన పనికి అతికినట్టు సరిపోతుంది.

శిఖరం (అబ్సార్బెన్స్ అత్యధికంగా ఉండే చోటు) 257 నానోమీటర్లలో కాక 243 దగ్గర కనిపిస్తోంది

చివరి పలచనలో క్షారం పోయడం మరిచారు. 10 మి.లీ. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపి మళ్లీ చేయండి. బ్లాంక్‌లోనూ (మందు లేని, జీరో పెట్టడానికి వాడే ద్రావణం) అంతే క్షారం ఉండాలి.

జీరో కుదరడం లేదు, రీడింగ్ ఊగుతోంది

గాజు క్యువెట్ (ద్రావణం పోసి మెషిన్‌లో పెట్టే చిన్న పాత్ర) పెట్టారేమో చూడండి. ఈ అతినీలలోహిత తరంగదైర్ఘ్యాల్లో క్వార్ట్జ్ తప్పనిసరి. బుడగలు, వేలిముద్రలు కూడా చూసుకోండి.

మూత్రం నేరుగా పెడితే రీడింగ్ విపరీతంగా వస్తోంది

ఇక్కడ అసలు పద్ధతే మారాలి. యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్ లాంటివన్నీ అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. పైగా మింగిన పారాసిటమాల్‌లో అలాగే మూత్రంలోకి వచ్చేది చాలా కొద్ది; ఎక్కువ భాగం గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాల్లో (శరీరం వేరే అణువులను తగిలించిన రూపాలు) వస్తుంది. అందుకే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగే నీటి స్నానంలో వేడి చేస్తాం. ఆ బంధాలు తెగి అంతా పారా-అమైనోఫీనాల్ అవుతుంది. దానికి ఆర్థో-క్రెసాల్, అమ్మోనియా కలిపితే నీలం రంగు తేలుతుంది. అది 615 నానోమీటర్ల దగ్గర కొలవొచ్చు, అక్కడ మూత్రం అడ్డు బాగా తగ్గిపోతుంది. క్రెసాల్ చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి గ్లవ్స్ వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి.

నీలం లేతగా వస్తే వేడి చేసిన సమయం చాలలేదేమో, లేదా ఆమ్లం మిగిలి అమ్మోనియా సరిపోలేదేమో చూడండి. ద్రావణం మసకగా ఉంటే క్షారంలో ఫాస్ఫేట్లు విరిగాయన్నమాట. సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి మడ్డిని కిందికి దింపి పైతేట కొలవండి.

బ్లాంక్‌గా నీళ్లు పెట్టొద్దు. అదే మనిషి మందు వేసుకోకముందు ఇచ్చిన మూత్రాన్ని అదే పద్ధతిలో నడిపించండి. దానికి తెలిసినంత పారాసిటమాల్ కలిపి, ఎంత తిరిగి వచ్చిందో కూడా చూడండి. 100 శాతానికి బాగా దూరంగా ఉంటే ఆ రోజు ఫలితాలు ఆపేయండి.

ఒక్క జాగ్రత్త. ఓవర్‌డోస్ అనుమానం ఉన్న రోగి విషయంలో మూత్రంలో నీలం వచ్చిందంటే మందు మింగారని మాత్రమే అర్థం. చికిత్స నిర్ణయం రక్తంలో స్థాయి, మింగి ఎన్ని గంటలైందన్నది చూసి డాక్టరే తీసుకోవాలి.