పాత కారు లోపలి పనులు – 5వ పాఠం: మొండికేసిన సన్ వైజర్లు విప్పడం, తిరిగి బిగించడం

గత పాఠంలో తలుపుల లోపలి ప్యాడ్లు ఊడదీసి, విరగకుండా తిరిగి కూర్చోబెట్టడం నేర్చుకున్నాం. క్లిప్పు ఎక్కడుందో వేలితో తడిమి తెలుసుకోవడం, విప్పిన స్క్రూలను విప్పిన వరసలోనే దాచుకోవడం అనే రెండు అలవాట్లు ఈ పాఠంలోనూ అక్కరకు వస్తాయి. అయితే ఈసారి పనంతా సన్ వైజర్ల మీద, అంటే ఎండ కళ్లలో పడకుండా కిందికి దించుకునే పలకల మీద; అది తల పైన, ముందు అద్దం అంచుకు బెత్తెడు దూరంలో జరుగుతుంది. చెయ్యి జారితే దెబ్బ అద్దానికో టాప్ లైనింగుకో (పైకప్పు లోపలి తొడుగుకో) తగులుతుంది, రాలిన తుప్పు కంట్లో పడుతుంది. కాబట్టి పని చిన్నదే అయినా తొందర పనికిరాదు.

వైజరు లేకపోతే ఏమవుతుందిలే అనుకునేవారు విజయవాడ, గుంటూరుల మధ్య రోజూ తిరిగేవారిని అడిగితే చాలు. బెజవాడ నుంచి గుంటూరు వెళ్లే రోడ్డు నైరుతి దిశగా సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు పడమటికి కొంత దక్షిణంగా దిగుతాడు కనుక, సాయంత్రం కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి మీదుగా వెళ్లేవారికి ఎండ ఎదురుగా, కాస్త కుడిపక్క నుంచి కళ్లలో పడుతుంది. మే నెలలో పొద్దున్నే గుంటూరు నుంచి ఇటు వచ్చేవారిదీ అదే అవస్థ. అంటే వైజరు కిందికి దిగితే సరిపోదు, కుడి కిటికీ వైపుకు కూడా తిరగాలి. పాత బళ్లలో ముందుగా మొరాయించేది ఆ పక్కకు తిరిగే కీలే. కొందరు దాన్ని బాగుచేసుకోలేక ముందు అద్దం పైభాగాన నల్ల ఫిల్మ్ అంటిస్తారు. 2012లో సుప్రీంకోర్టు అటువంటి ఫిల్ములను కాదన్న సంగతి అలా ఉంచినా, ఎండ మన కంటి ఎత్తుకు దిగేసరికి ఆ పట్టీ వల్ల ఒరిగేదేమీ ఉండదు.

వైజరు నిర్మాణం తెలిస్తే సగం పని తేలికవుతుంది. రెగ్జిన్ తొడిగిన అట్ట లేదా ఫోము పలక, దాని పై అంచులో దూరిన ఇనప కడ్డీ, ఆ కడ్డీ బయటి కొసను పట్టుకునే బ్రాకెట్, లోపలి కొసను ఆనించుకునే చిన్న కొక్కెం, ఇంతే దాని సరంజామా. పలక లోపల ఒక స్ప్రింగు పట్టీ కడ్డీని బిగించి పట్టుకుంటుంది కాబట్టే వైజరు మనం ఆపిన చోట ఆగుతుంది. మారుతి 800 తరం బళ్లలో ఎక్కువగా రెండో మూడో స్టార్ స్క్రూలు (తలపై కూడిక గుర్తులాంటి గాడి ఉండే ఫిలిప్స్ రకం) బ్రాకెట్టును పైకప్పు ముందు అంచునున్న రేకు దూలానికి బిగించి ఉంచుతాయి. ఆ స్క్రూలు లైనింగులోంచే లోపలికి వెళతాయి. చాలా బళ్లలో లైనింగు ముందు అంచును పైకి అదిమి పట్టేది కూడా ఈ బ్రాకెట్లే కనుక, రెండువైపులా ఒకేసారి విప్పితే లైనింగు జారి కిందికి వేలాడవచ్చు. ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవడం మంచిది. ఏ ముక్క ఎటు తిరిగి ఉండాలో అనుమానం వచ్చినప్పుడు, విప్పని వైజరు నమూనాగా ఎదుటే ఉంటుంది.

ఇక స్క్రూలు పట్టేయడానికి కారణం తుప్పే. మన కృష్ణా తీరపు ఉక్కపోత కొంత కారణమైతే, ముందు అద్దం చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరు ఎండి పగిలి, వానాకాలంలో నీరు సన్నగా లోపలికి ఊరడం అసలు కారణం. ఆ నీరు రేకు దూలం వెంట పాకి స్క్రూ మరల దగ్గర నిలుస్తుంది. కనుక బ్రాకెట్ చుట్టూ లైనింగు మీద గోధుమరంగు మరక కనబడితే, ముందు రబ్బరు సంగతి చూసుకోవాలి. లేకపోతే కొత్తగా బిగించిన స్క్రూలూ అదే దారి పడతాయి.

పనిముట్లలో ముఖ్యమైనది నోరు అరగని స్టార్ స్క్రూడ్రైవరు. స్క్రూ గాడిలో పెట్టి వదిలితే ఊగకుండా నిలబడే సైజు ఎంచుకోవాలి. చాలామటుకు రెండో నంబరు సరిపోతుంది. జపాను మూలమున్న బళ్లలో స్క్రూ తలపై ఒక చిన్న చుక్క గుంట కనిపిస్తే, అది జేఐఎస్ అనే జపాను ప్రమాణంతో చేసిన స్క్రూ అని అర్థం. మామూలు ఫిలిప్స్ కొస అందులో అడుగంటా కూర్చోదు, బలం పెట్టగానే పైకి ఎగదన్ని గాడిని చెక్కేస్తుంది. ఆ రకం కొస విడిగా దొరుకుతుంది, కొని ఉంచుకోవడం దండగ కాదు. కంటికి రక్షణగా కళ్లద్దాలు, మడతపెట్టిన పాత తువ్వాలు, గుండుసూది, తుప్పు వదిలించే స్ప్రే, దూది చుట్టిన పుల్ల కూడా దగ్గర పెట్టుకోవాలి. వైజరులో లైటున్న బండి అయితే ముందు బ్యాటరీ తీగ విప్పాలి. పక్క పైకప్పు అంచున ఎయిర్ బ్యాగులున్న కొత్త తరం బళ్లకు ఈ పాఠం వర్తించదు, వాటి జోలికి వెళ్లవద్దు.

మొదట తువ్వాలును డాష్‌బోర్డు మీద నుంచి అద్దం పై అంచుదాకా అడ్డుగా పెట్టాలి. బ్రాకెట్ మీద ప్లాస్టిక్ మూత ఉంటే, దాని అంచులో చిన్న నొక్కు వెతికి, గుడ్డ చుట్టిన సన్నటి కొసతో లేపాలి. ఏళ్ల తరబడి ఎండకు వేగిన ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా ఉంటుంది కనుక, బండిని కాసేపు ఎండలో ఉంచి, మూతలూ కొక్కేలూ అప్పుడు తీసుకోవచ్చు. కానీ విజయవాడ నడి వేసవి మధ్యాహ్నం మాత్రం వద్దు. ఆ వేడికి లైనింగు జిగురే మెత్తబడి, చెయ్యి తగిలిన చోటల్లా ఊడివస్తుంది. స్క్రూల పని పొద్దున నీడలో పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు స్క్రూ తలను దగ్గరగా చూడండి. నాలుగు గాళ్లూ కలిసే చోట తుప్పు పొడి, దుమ్ము, ఎప్పుడో కారిన పాలిష్ గట్టిపడి ఉంటాయి. గుండుసూదితో దాన్ని పూర్తిగా గీకి, అడుగున లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. అరిగిపోయిందని వదిలేసిన స్క్రూలు చాలా వరకు నిజానికి గాడి నిండిపోయినవే, స్క్రూడ్రైవరు సగం లోతులోనే ఆగి జారినవే. ఆ తర్వాత ఒక చుక్క స్ప్రే ద్రవాన్ని దూదిపుల్లతో తల అంచుకు మాత్రమే అద్దాలి. నేరుగా స్ప్రే కొడితే లైనింగులో ఇంకి, ఎన్నటికీ పోని నూనె మరక మిగులుతుంది. కిరోసిన్ పోయవద్దు, ఆ వాసన బండిని వదలదు. గంటసేపు నాననిచ్చి, స్క్రూడ్రైవరును అరచేతితో పైకి గట్టిగా అదిమిపట్టి, ముందు బిగించే వైపుకు వెంట్రుకవాసి తిప్పాలి. తుప్పు పట్టు విడిన చిన్న ‘కిర్రు’ చేతికి తెలుస్తుంది. అప్పుడు విప్పే వైపుకు తిప్పాలి. మన బలంలో ముప్పాతిక అదమడానికి, పాతిక తిప్పడానికి వాడాలన్నది గుర్తుంచుకుంటే గాళ్లు పాడవ్వవు.

స్క్రూ మరీ తుప్పుపట్టి మొండికేసేలా కనిపిస్తే, స్ప్రే జోలికి వెళ్లకముందే సాల్డరింగ్ ఐరన్ కొసను స్క్రూ తలపై ఒకటి రెండు నిమిషాలు ఆనించాలి. వేడికి స్క్రూ వ్యాకోచించి, చల్లారేటప్పుడు ముడుచుకోవడంతో తుప్పు పొర పగులుతుంది.  స్ప్రే అద్దిన చోట వేడి పెట్టడం ప్రమాదం, ఆ ద్రవం మండే గుణం గలది. గాళ్లు కొంత అరిగి ఉంటే, ఇంజను హెడ్ పని చేసేవారి దగ్గర దొరికే వాల్వు గ్రైండింగ్ పేస్టును స్క్రూడ్రైవరు కొసకు కాస్త రాసి ప్రయత్నించాలి. అందులోని గరుకు రేణువులు పట్టు పెంచుతాయి. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరును ఇంజను మీద వాడుకోవచ్చు గాని, పైకప్పు రేకు మీద వాడితే సొట్ట బయటికి కనిపిస్తుంది, పక్కనే అద్దం కూడా ఉంది. దానికంటే స్క్రూ తలను డ్రిల్లుతో తొలచివేయడం నయం. స్క్రూ కాండం లావుకు సరిపడే బిట్టు పెట్టి నెమ్మదిగా తొలిస్తే తల ఊడి బ్రాకెట్ చేతికి వస్తుంది. మిగిలిన మొండాన్ని గ్రిప్ ప్లయరుతో పట్టి తిప్పితే ఎక్కువగా వచ్చేస్తుంది. డ్రిల్లు ఆడించేటప్పుడు కళ్లద్దాలు లేకుండా పైకి చూడనే కూడదు. మొండెం కూడా రాకపోతే, రేకును ఇంకా గాయపరచకుండా ఆటోనగర్‌లో టింకరింగ్ పని తెలిసినవారికి అప్పగించండి.

కొక్కెం సంగతి తేలికే. కొన్నిటికి ఒకే స్క్రూ ఉంటుంది, కొన్ని పావు చుట్టు తిప్పితే ఊడతాయి. తిప్పి చూడకుండా గుంజితే విరుగుతాయి.

తిరిగి బిగించేటప్పుడు పాత స్క్రూలనే వాడదలిస్తే వైరు బ్రష్‌తో రుద్ది, మరలకు కాస్త గ్రీజు రాయాలి. కొత్తవి కొంటే పాతది చేతిలో పట్టుకుని వెళ్లి, లావు, పొడవు కలిపి చూసి, జింకు పూతవే తెచ్చుకోవాలి. పొడవులో ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా కొన్ని బళ్లలో కొస పైకప్పు రేకును లోపలి నుంచి పొడుస్తుంది, లేదా అటుగా వెళ్లే లైటు తీగను గీరుతుంది. రంధ్రం మర పూర్తిగా పోయి ఉంటే, అదే పొడవులో ఒక సైజు లావు స్క్రూ పెట్టవచ్చు.

లైనింగు రంధ్రం, రేకు రంధ్రం ఒకదానికొకటి ఎదురుగా వచ్చాయో లేదో సూదితో గుచ్చి చూడాలి. స్క్రూ పెట్టి ముందు విప్పే వైపుకు తిప్పితే, పాత మర మొదలు దగ్గర అది ‘టక్’మని దిగుతుంది. అక్కడి నుంచి బిగిస్తే పాత దారినే పోతుంది, కొత్త గాడి కోసుకోదు. అన్ని స్క్రూలనూ రెండేసి చుట్లు పట్టించాకే ఒక్కొక్కటిగా బిగించాలి, ఎందుకంటే మొదటిదాన్ని పూర్తిగా బిగిస్తే మిగతా రంధ్రాలు పక్కకు జరిగిపోతాయి. బ్రాకెట్ కదలక, లైనింగు ముడత పడకుండా ఉంటే ఆ బిగువు చాలు.

పక్కకు తిరిగే కీలు బిగుసుకుపోయి ఉంటే, బ్రాకెట్ చేతిలో ఉన్నప్పుడే తుప్పు గీకి, ఒక చుక్క సిలికాన్ గ్రీజు పెట్టి, కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. అయితే ఆ గ్రీజు కడ్డీ వెంట పాకి పలకలోకి వెళ్లకుండా చూసుకోవాలి. అక్కడి స్ప్రింగు పట్టీకి జిడ్డు అంటితే వైజరు నిలవక ముఖం మీదికి వాలుతుంది, నడిపేటప్పుడు అది చిన్న విషయం కాదు. కుడి, ఎడమ వైజర్ల కడ్డీ వంపు వేరు కనుక, పాత సామాను కొట్లో ఒక్కటే కొంటున్నప్పుడు ఎటువైపుదో తప్పక చెప్పాలి.

పని అయ్యాక వైజరును దించి, పక్క కిటికీకి తిప్పి, మళ్లీ కొక్కెంలో ఆనించి చూడండి. ఏలూరు రోడ్డు గతుకుల మీద ఒకసారి నడిపి వచ్చి, స్క్రూలను మరోసారి చేత్తో సరిచూడండి. ఉబ్బిన పలక, చిరిగిన రెగ్జిన్ ఉంటే పారేయవద్దు. దాన్ని కుట్లు విప్పి, అట్ట మార్చి, స్ప్రింగు పట్టీ బిగువు సరిచేయడం 6వ పాఠంలో చేద్దాం. అప్పటికి ఆ పాత పలకతో పాటు ఒక మీటరు రెగ్జిన్, పదునైన బ్లేడు సిద్ధంగా ఉంచుకోండి.