ఇంగ్లండ్‌లో చెత్త ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి

మేం కొత్తింట్లో దిగిన వారంలో టేబుల్, కుర్చీలు, రైస్ కుక్కర్ వచ్చిన అట్టపెట్టెలు బిన్‌లో పట్టలేదు. పక్కన చక్కగా పేర్చి వచ్చేశాం. మన దగ్గరైతే తెల్లారేసరికి ఎవరో ఒకరు పట్టుకుపోతారు. ఇక్కడ రెండు వారాలకి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) నుంచి ఉత్తరం వచ్చింది. అందులో మా పెట్టె మీది డెలివరీ లేబుల్ ఫొటో, నా పేరు, ఫ్లాట్ నంబరుతో సహా. మొదటిసారి కదా అని హెచ్చరికతో వదిలేశారు.

ఇలా చెత్తని అనుమతి లేని చోట వదిలేయడాన్ని ఫ్లై-టిప్పింగ్ అంటారు. మొదట విన్నప్పుడు ఈగల గోలేదో అనుకున్నాను. బిన్ పక్కన సంచి పెట్టినా, గోడవారగా పరుపు ఆనించి ‘ఫ్రీ, తీసుకోండి’ అని కాగితం అంటించినా, మూసి ఉన్న చారిటీ షాపు ముందు పాత బట్టల మూట వదిలినా ఇదే లెక్క.

ఇంగ్లండ్‌లో 2023 జులై 31 నుంచి జరిమానాల గరిష్ఠ పరిమితి పెరిగింది. రోడ్డు మీద చెత్త వేస్తే 500 పౌండ్ల దాకా, ఫ్లై-టిప్పింగ్‌కి 1,000 దాకా. ఎంత వేయాలన్నది ఆ పరిమితిలోపు ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిలే నిర్ణయించుకుంటుంది. సిగరెట్ పీక, నమిలిన చూయింగ్ గమ్ కూడా చెత్తే. కారులోంచి ఎవరు విసిరినా కారు ఎవరి పేరు మీదుంటే వాళ్ళకి నోటీసు రావచ్చు. పాన్ ఉమ్మితే లండన్‌లోని బ్రెంట్ లాంటి చోట్ల జరిమానా పడొచ్చు. వెంబ్లీ ఆ బ్రెంట్‌లోదే, వెళ్ళినప్పుడు గుర్తుంచుకోండి. పూజ పూలు కెనాల్‌లో వదలడం మనకి భక్తి, చట్టానికి మాత్రం చెత్త. గార్డెన్ వేస్ట్ బిన్ ఉంటే అందులో వేయండి.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇంకో చోట. పాత సోఫా పోవాలి. ఫేస్‌బుక్‌లో ఒకడు ‘30 పౌండ్లివ్వండి, ఇప్పుడే వ్యాన్ తెస్తా’ అంటాడు. క్యాష్ ఇస్తాం, పీడ పోయిందనుకుంటాం. వాడు దాన్ని ఏ పొలం గట్టునో దించిపోతాడు. సోఫా సందులో మన కరెంటు బిల్లు దొరికితే చాలు, కౌన్సిల్ వాళ్ళు మన తలుపే తడతారు. లైసెన్సు లేనివాడికి చెత్త అప్పగించినందుకు 600 పౌండ్ల దాకా పడొచ్చు. అందుకే వేస్ట్ క్యారియర్ నంబర్ (చెత్త తీసుకెళ్ళడానికి వాళ్ళకిచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్) అడగండి. అది పర్యావరణం చూసే ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో నిమిషంలో తేలిపోతుంది. రసీదు తీసుకోండి, వ్యాన్ నంబర్ ఫొటో తీసుకోండి. నంబర్ అడగ్గానే నసిగేవాడైతే పంపేయండి.

కారుంటే కౌన్సిల్ వాళ్ళ రీసైక్లింగ్ సెంటర్‌కి మీరే తీసుకెళ్ళొచ్చు, దాన్ని అందరూ ‘టిప్’ అనే అంటారు. చాలా చోట్ల ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి, అడ్రస్ ప్రూఫ్ చూపించాలి. అద్దె వ్యాన్‌లో వెళ్తే పర్మిట్ అడగొచ్చు. బాగున్న సోఫాని కొన్ని చారిటీలు ఇంటికొచ్చి ఉచితంగా పట్టుకెళ్తాయి. కానీ కింద కుట్టిన ఫైర్ లేబుల్ (తొందరగా అంటుకోదని చెప్పే చీటీ) లేకపోతే ముట్టుకోరు, దాన్ని కత్తిరించకండి.

నోటీసు వస్తే పక్కన పడేయొద్దు. త్వరగా కడితే చాలా కౌన్సిళ్ళు కొంత తగ్గిస్తాయి. ఇలాంటి నోటీసులకి చాలావరకు పద్ధతి ప్రకారం అప్పీల్ అంటూ ఉండదు. నిజంగా మీరు చేయకపోతే ఆధారాలతో కౌన్సిల్‌కి వెంటనే రాయండి. రోడ్డు మీద ఆఫీసర్ అడిగితే పేరు, అడ్రస్ చెప్పాలి, చెప్పకపోవడం విడిగా ఇంకో నేరం. జరిమానా కట్టేస్తే అక్కడితో సరి, నేర నిర్ధారణ కాదు. కట్టకపోతే కోర్టు. అక్కడ చెత్త వేసినందుకే 2,500 పౌండ్ల దాకా పడొచ్చు, ఫ్లై-టిప్పింగ్‌కైతే జరిమానాకి పరిమితే లేదు, జైలు కూడా ఉంది. కోర్టులో శిక్ష పడితే వీసా ఫారంలో చెప్పుకోవాలి. ఆ టెన్షన్ ఎందుకు?

ఇల్లు ఖాళీ చేస్తున్నారా? పెద్ద సామాన్లు తీసుకెళ్ళడానికి కౌన్సిల్‌లో ‘బల్కీ వేస్ట్’ కలెక్షన్ ఉంటుంది, చాలా చోట్ల కొంత ఫీజు తీసుకుంటారు. మూడు వారాల ముందే బుక్ చేయండి. తాళాలు అప్పగించే రోజు పొద్దున్న పరుపు నెత్తిన పెట్టుకుని బస్సెక్కలేరు కదా.