ఢిల్లీ కాటా హైదరాబాదులో తూకం తగ్గించి చూపింది

హైదరాబాదులోని మా చిన్న నగల దుకాణానికి ఢిల్లీలో ఉన్న బంధువుల నుంచి తెచ్చుకున్న ఎలక్ట్రానిక్ కాటా మీద 100 గ్రాముల తూనికరాయిని పెడితే 99.92 గ్రాములే చూపింది. 80 మిల్లీగ్రాముల బంగారం మా పనిలో చిన్న తేడా కాదు కాబట్టి, ఆ రోజే దానిపై తూకం వేయడం మానేశాను.

ఫ్యాను ఆపి, కాటా సమతలంగా నిలిచేలా దాని కాళ్ల మరలు తిప్పి నీటిబుడగను వలయం మధ్యకు తెచ్చి, అరగంట వేడెక్కనిచ్చాక చివరి అంకె ఊగడం ఆగింది గానీ తేడా పోలేదు. అదే రాయిని నాన్నగారి పాత త్రాసులో మరొక 100 గ్రాముల రాయికి ఎదురుగా పెట్టినప్పుడు ముల్లు సరిగ్గా నడుమ నిలిచింది.

కారణం అక్కడే దొరికింది. త్రాసు రెండు ద్రవ్యరాశులను పోలుస్తుంది, గురుత్వం రెండు పళ్లాలనూ సమానంగా లాగుతుంది. కాటాలోని లోడ్ సెల్ మాత్రం తనపై పడే బలాన్ని కొలుస్తుంది. ఆ బలాన్ని నిర్ణయించే గురుత్వ త్వరణం ఢిల్లీలో సుమారు 9.791 మీ/సె², భూమధ్యరేఖకు దగ్గరగా, ఎత్తుగా ఉన్న హైదరాబాదులో సుమారు 9.783 మీ/సె². ఆ తేడా వందకు 0.08, అంటే సరిగ్గా మాకు తగ్గిన బరువే.

ముద్ర ఉన్న కాటాను మనమే సరిచేయడం నాకు సమ్మతం కాదు. లైసెన్సు ఉన్న మరమ్మతుదారు ప్రామాణిక రాయితో ఇక్కడే సరిచేసి, తూనికలు కొలతల శాఖ చేత మళ్లీ ముద్ర వేయించారు. ఇప్పుడు అదే రాయి 100.00 చూపుతోంది.