క్రవాట్ కుట్టాలంటే జాకెట్టు కుట్టడం వస్తే చాలు

నేను జాకెట్లు కుట్టే మనిషిని. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా ఇంటి వసారాలోనే మిషను వేసుకుని ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. మగవాళ్ళ బట్టల జోలికి పోయింది లేదు, మా ఆయన లుంగీల అంచులు మడిచి కుట్టడం తప్ప. అలాంటిది పోయిన మాఘమాసంలో మా అక్క కొడుకు కావలి నుంచి ఫోన్ చేశాడు.

"పిన్నీ, రిసెప్షన్‌కి కోటు వేసుకుంటున్నా. లోపలికి టై వద్దు, క్రవాట్ కావాలి. కుట్టిపెడతావా?"

"అంటే ఏందిరా, కోర్టులో లాయర్లు కట్టుకునే తెల్ల బ్యాండా?"

"కాదు పిన్నీ. మెడ చుట్టూ చిన్న కండువాలాగా కట్టుకుని కొసలు చొక్కా లోపలికి దోపుతారు. ఫొటో పంపుతా చూడు."

కొనుక్కోక నాకెందుకు పని పెడతావురా అంటే, అప్పటికే ఒకటి కొన్నాడట. స్కూలు పిల్లల ఎలాస్టిక్ టై మాదిరి వెనకాల హుక్కు తగిలించే రకం. ఎట్టా ఉందో చూద్దామని తెల్ల చొక్కా మీద వేసుకుని గంటసేపు మిద్దె మీద తిరిగితే చెమటకి మెరూన్ రంగు మొత్తం కాలర్‌కి అంటింది. ఆ చొక్కా ఇప్పుడు బండి తుడవడానికి పనికొస్తోంది.

సరే కుడతానన్నాను. మొదటిది పాడుచేశాను. అదెట్టా పాడైందో ముందు చెప్తే మీరు నా గుడ్డ ఖర్చు తప్పించుకుంటారు.

మగవాళ్ళ మెడకి సంబంధించింది కదా, గట్టిగా ఉండాలేమో అనుకుని లోపల బకరం, అంటే కాలర్ బిగువుగా నిలవడానికి పెట్టే గట్టి గుడ్డ, పెట్టాను. గుడ్డని నిలువు పోగు మీద కత్తిరించాను, చీరకి ఫాల్ పట్టీ తీసినట్టు. కుట్టి, తిప్పి, ఇస్త్రీ చేసి మా ఆయన మెడలో కట్టి చూశాను. మెడ పట్టేసినవాళ్ళకి డాక్టర్లు తొడిగే పట్టీలాగా నిలబడింది. ఆయన తల పక్కకి తిప్పలేక మొత్తం మనిషే తిరిగి నా వైపు చూశాడు. ముడి దగ్గర గుడ్డ వంగదు, విరుగుతుంది. కొసలు రొమ్ము మీద పరుచుకోకుండా అట్టముక్కల్లా నిక్కి నిలబడ్డాయి.

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. జాకెట్టు మెడకి పైపింగ్ పట్టీ ఎట్టా తీస్తాం? క్రాస్‌లో, అంటే పోగులకి ఏటవాలుగా తీస్తాం. ఎందుకు? నిలువు పోగు మీద తీసిన పట్టీ గుండ్రటి మెడకి తిరగదు, ముడతలు పడుతుంది. క్రాస్ ముక్క సాగుతుంది, ఎటు తిప్పితే అటు ఒదుగుతుంది. నాకు రోజూ తెలిసిన సంగతే. పేరు ఇంగ్లీషులో ఉండేసరికి బుర్ర పనిచేయలేదు. మామూలు టై కూడా ఇదే దారిలో బాగుపడిందట. న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన 1920ల్లో టై గుడ్డని క్రాస్‌లో కత్తిరించి మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అలా కుట్టిన టై మెలి తిరగదు, ముడి విప్పితే మళ్ళీ తిన్నగా అవుతుంది.

ఇక గుడ్డ సంగతి. పలచగా ఉండాలి. మెడ దగ్గర ఎనిమిది పొరలు ఒకదాని మీద ఒకటి పడతాయి, అది గుర్తు పెట్టుకుని కొనండి. సన్న నూలు గుడ్డ మంచిది. నేను పాటూరు నేత గుడ్డతో కుట్టాను. వెంకటగిరి నూలు చీర పాతదుంటే ఇంకా మేలు, ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది, సాగాల్సిందంతా సాగిపోయి ఉంటుంది. జరీ ఉన్న భాగం మాత్రం వద్దు, గడ్డం కింద గీరుకుంటుంది. శాటిన్ మెరుస్తుంది గానీ మన ఎండలకి ఒంటికి అతుక్కుంటుంది, పైగా క్రాస్‌లో మిషను కింద జారిపోతుంది. మొదటిసారి కుట్టేవాళ్ళు దాని జోలికి పోవద్దు. ఏ గుడ్డయినా రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టండి. రంగు వదిలేదుంటే అప్పుడే బయటపడుతుంది. మావాడి చొక్కా గతి చూశాం కదా.

44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉంటే ఒక మీటరు చాలు. ముందు పేపరు మీద గీసుకోండి. కుట్టడం పూర్తయ్యాక క్రవాట్ పొడవు 50 అంగుళాలు, వెడల్పు 6 అంగుళాలు. మెడ వెనక నడిమధ్యన అతుకు వస్తుంది కాబట్టి సగం గీస్తే సరిపోతుంది. 25 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గీసి ఒక చివర కోణం తీయండి. వెడల్పు మధ్యలో కొన పెట్టి, రెండు పక్కలా అంచు మీద 3 అంగుళాలు వెనక్కి గుర్తు పెట్టి కలపండి. ఈ 3 అంగుళాల లెక్క ఊరికే చెప్పలేదు. ముక్క క్రాస్‌లో ఉంది కాబట్టి ఈ కొలతతో తీసిన కోణం అంచులు సరిగ్గా నిలువు పోగు, అడ్డ పోగు మీద పడతాయి. అంటే మొత్తం గుడ్డ సాగినా కొన మాత్రం సాగదు, పదునుగా నిలుస్తుంది. చుట్టూ కుట్టుకి అరంగుళం వదలండి.

గుడ్డని పరిచి, ఒక మూలని మడిచి అడ్డ అంచు నిలువు అంచు మీదికి తెస్తే వచ్చే మడత గీత ఉంది చూశారూ, అదే అసలైన క్రాస్. ఆ గీత పొడుగునా పేపరు పెట్టి సుద్దతో గీసి నాలుగు ముక్కలు పక్కపక్కనే తీయండి. రెండు పైకి, రెండు అడుగుకి. లైనింగ్ వేరే రంగు కావాలంటే రెండే తీసి మిగతా రెండు లైనింగ్ గుడ్డలో తీయండి. అడుగు ముక్కల వెడల్పు మాత్రం రెండు పక్కలా ఒక్కో నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గించండి. అప్పుడు కుట్టు అడుగు వైపుకి వాలుతుంది, లైనింగ్ బయటికి తొంగిచూడదు. జాకెట్టు లైనింగ్‌కి నేను చేసేదీ ఇదే.

కత్తిరించగానే మిషను దగ్గరికి పరిగెత్తకండి. ముక్కల్ని బట్టల క్లిప్పులతో దండేనికి నిలువుగా తగిలించి ఒక రాత్రి వదిలేయండి. క్రాస్ గుడ్డ తన బరువుకి తనే కాస్త సాగుతుంది. తెల్లారాక పేపరు మళ్ళీ పెట్టి పెరిగింది కత్తిరించండి. ఈ ఓపిక లేకపోతే కుట్టాక ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి అవుతుంది.

ఇక కుట్టడం మామూలే. రెండు సగాల్ని వెనక మెడ దగ్గర కలిపి, అతుకు విడదీసి ఇస్త్రీ చేయండి. అడుగు ముక్కలకీ అంతే. తర్వాత మంచి వైపు మంచి వైపు ఎదురుగా పెట్టి గుండుసూదులు గుచ్చి, చుట్టూ కచ్చా కుట్టు, అంటే తర్వాత లాగేసే చేతి కుట్టు, వేయండి. కచ్చా కుట్టు మానేద్దామని నాకూ బుద్ధి పుడుతుంది. ఇక్కడ మాత్రం మానకండి, పై పొర ముందుకి పాకుతుంది. మిషను మీద అరంగుళం లోపలికి చుట్టూ కుట్టి, మెడ భాగం మధ్యలో ఒక పక్క నాలుగంగుళాలు కుట్టకుండా వదిలేయండి. గుడ్డని లాగకండి, దానంతట అది పోనివ్వాలి. కొన దగ్గర సూది గుడ్డలో దిగి ఉండగా మిషను పాదం ఎత్తి గుడ్డని తిప్పండి. కొనల దగ్గర ఎక్కువ గుడ్డ కత్తిరించి, వదిలిన సందులోంచి తిరగేయండి. కొన బయటికి నెట్టడానికి మొద్దు పెన్సిలు వాడండి, కత్తెర మొన పెడితే చిల్లు పడుతుంది. నాకు పడింది. సందుని చేత్తో హెమ్మింగ్ చేసేయండి.

ఇంతవరకూ మీ చేతిలో ఉన్నది సన్నటి కండువా. దాన్ని క్రవాట్ చేసేది మెడ దగ్గర పెట్టే కుచ్చిళ్ళు.

కట్టుకునే మనిషి మెడ చుట్టూ టేపు పెట్టి, రెండు వేళ్ళు లోపలికి దూరేంత వదులుగా కొలవండి. మావాడికి 16 అంగుళాలు వచ్చింది. వెనక అతుకు నుంచి అటు 8, ఇటు 8 గుర్తు పెట్టండి. ఈ 16 అంగుళాల మేర వెడల్పు 6 నుంచి ఒకటిన్నరకి తగ్గాలి. చీర కుచ్చిళ్ళు పెట్టినట్టే ముందుకొకటి వెనక్కొకటి, ఒకటిన్నర అంగుళం చొప్పున నాలుగు మడతలు. హెమ్మింగ్ చేసిన అంచు అడుగుకి పోయేలా మొదలుపెట్టండి. ఇట్టా మడిస్తే పైనా కిందా రెండు వైపులా మంచి గుడ్డే కనిపిస్తుంది, లైనింగ్ లోపలికి పోతుంది. ఇస్త్రీ పెట్టెతో మెడ భాగం మాత్రమే నొక్కండి. కొసల మీదికి మడత గీతలు పాకనివ్వకండి, అక్కడ అవి విసనకర్రలాగా వాటంతట అవే విచ్చుకోవాలి.

మడతలు నిలవడానికి రెండు గుర్తుల దగ్గరా, వెనక అతుకు మీదా అడ్డంగా ఒక్కో కుట్టు. ఎనిమిది పొరలు కాబట్టి 16 నంబరు సూది వేసుకుని, కాలితో తొక్కకుండా చేత్తో చక్రం తిప్పుతూ దించండి. మోటారు ఉన్న మిషనైనా సరే, ఇక్కడ చెయ్యే. మధ్యలో రెండంగుళాలకొక చోట అడుగు నుంచి చేత్తో చిన్న టాకా వేస్తే చాలు. మొత్తం పొడుగునా మిషను కుట్టు వేస్తే క్రాస్‌లో తీసిన ఫలితం పోతుంది, మళ్ళీ పట్టీ అయి కూర్చుంటుంది.

కట్టడం అద్దం ముందు నిలబడి నేర్చుకోండి. చొక్కా పై గుండీ తీసేసి, కాలర్ పైకెత్తి, కుచ్చిళ్ళ భాగం మెడ వెనక వచ్చేలా వేసుకోండి. క్రవాట్ మెడకి తగలాలి, చొక్కా కాలర్ దాని బయట ఉండాలి. కుడి కొస ఎడమ కొస కన్నా ఆరంగుళాలు కిందికి ఉండనివ్వండి. కుడి కొసని ఎడమ దాని మీదుగా దాటించి, కింద నుంచి వెనక్కి తెచ్చి, మళ్ళీ మీదుగా ఎడమకి తేండి. ఒక చుట్టు పూర్తయింది. ఇప్పుడు అదే కొసని ముడి వెనకగా, గొంతు దగ్గరి సందులోంచి కింది నుంచి పైకి లాగి, ముడి మీదుగా ముందుకి వదిలేయండి. ముడి కనపడకూడదు, పై కొస దాన్ని కప్పాలి. వేళ్ళతో వెడల్పుగా పరిచి, రెండు కొసలూ చొక్కా లోపలికి దోపి, కాలర్ దించండి.

మా ఆయన గొంతు మీద సాధన చేశాను. ఆరోసారికి కుదిరింది. ఇంగ్లండులో రెండు వందల ఏళ్ళ కిందట బ్రమ్మెల్ అనే సోకులరాయుడు ఉండేవాడు. మొదటిసారికి కుదరకపోతే ఆ గుడ్డ పక్కన పడేసి కొత్తది తీసుకునేవాడట, గంజి పెట్టిన గుడ్డ ఒకసారి నలిగితే పనికిరాదని. గంజి పెట్టి ఇస్త్రీ చేసే మనిషిని తల్చుకుంటే జాలేసింది. మనది గంజి లేనిది, వందసార్లు విప్పి కట్టుకోవచ్చు.

అసలు ఈ గుడ్డ పుట్టింది కూడా సోకు కోసం కాదు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు తరఫున యుద్ధం చేయడానికి వచ్చిన క్రొయేషియా సైనికులు మెడకి గుడ్డ కట్టుకునేవాళ్ళు. వాళ్ళ జాతి పేరే గుడ్డ పేరయింది. తర్వాత రాజుగారి కొలువులో దానికి లేసులు వచ్చాయి. 1692లో స్టీన్‌కెర్క్ యుద్ధంలో సైన్యాధికారులకి తీరిగ్గా కట్టుకునే సమయం లేక, మెలిపెట్టి కొసని కోటు కాజాలోకి దూర్చుకుని పరిగెత్తారట. అదే ఫ్యాషనై ఆ ఊరి పేరుతోనే నిలిచింది. క్రొయేషియాలో ఇప్పటికీ అక్టోబరు 18న క్రవాట్ దినం జరుపుకుంటారు. మావాడికి ఇదంతా చెప్తే, "పిన్నీ, ముడి ఊడకుండా ఉంటే చాలు" అన్నాడు.

ఊడలేదు. ఊడుతుందేమో అని మండపంలో నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. వాడు పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వంగినప్పుడల్లా చూపు మెడ మీదికే పోయేది. మీరు చొక్కా లోపల, కొసలు రెండూ కలిసే చోట చిన్న సేఫ్టీ పిన్ను పెట్టండి, నాలాగా ప్లేటులో బిర్యానీ చల్లారబెట్టుకోకండి. కాలర్ బయట కట్టి పైన సూది పిన్ను గుచ్చే పెళ్ళి రకం ఇంకొకటుంది, దానికి రెక్కల కాలర్ చొక్కా కావాలి. మన ఎండల్లో దాని ఊసెత్తను. మామూలు క్రవాట్ అయినా మార్చి దాటాక ఏసీ హాలు ఉంటేనే.

విప్పేటప్పుడు కొస పట్టుకుని లాగేయకండి, కట్టిన దారినే వెనక్కి తీయండి. చల్లనీళ్ళలో చేత్తో పిండకుండా ఉతికి నీడన పరిచి ఆరేయండి, దండేనికి వేస్తే మళ్ళీ సాగుతుంది. బీరువాలో మడత పెట్టకుండా పాత పంచె ముక్కలో చుట్టి పెట్టండి. మా అక్క ఇప్పుడు వాళ్ళ వియ్యంకుడికి కూడా ఒకటి కావాలంటోంది. ఆయన మెడ కొలత ఇంకా పంపలేదు.