సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకు – 3వ పాఠం: క్లచ్ పట్టడం లేదా, వదలడం లేదా?

పోయిన పాఠంలో చైను, స్ప్రాకెట్లు చూశాం. ఈసారి క్లచ్.

"క్లచ్ పోయింది" అంటూ బండిని షెడ్డులో పెడితే నేరుగా ప్లేట్లు మార్చేస్తారు. ఆ మాట అనేముందు మీకు ఒక సంగతి తేలాలి. ఈ క్లచ్ పట్టడం లేదా, వదలడం లేదా? రెండూ వేర్వేరు జబ్బులు. పట్టకపోతే ఇంజన్ అరుస్తుంది గానీ బండి పరుగెత్తదు. వదలకపోతే లివర్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు లాగుతూనే ఉంటుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు, మొదటి గేరు ఠక్కుమని పడుతుంది. ఇందులో చాలా కేసులకు ఇంజన్ విప్పాల్సిన పనే ఉండదు.

మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా చేతులు మారే ఆర్15, పల్సర్ 220, అపాచీ ఆర్‌టీఆర్, సీబీఆర్ 250ఆర్ లాంటి వాటిలో క్లచ్ ఇంజన్ ఆయిల్లో తడుస్తూ పనిచేస్తుంది, కేబుల్‌తో కదులుతుంది. రాపిడి పూత ఉన్న క్లచ్ ప్లేటు, స్టీలు ప్లేటు ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చి ఉంటాయి. క్లచ్ ప్లేట్ల అంచు చెవులు హౌసింగ్ గాడుల్లో కూర్చుంటాయి, అది ఇంజన్‌తో తిరుగుతుంది. స్టీలు ప్లేట్ల లోపలి పళ్లు హబ్‌ మీద కూర్చుంటాయి, అది గేర్‌బాక్సుకు చెందినది. స్ప్రింగులు ఈ దొంతరను గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. లివర్ నొక్కితే ఆ బిగువు సడలుతుంది. ఇంతే యంత్రం. నొక్కుడు తగ్గితే జారుతుంది, సడలింపు చాలకపోతే అంటుకుంటుంది.

ముందు రోడ్డు పరీక్ష

జారుడు పైగేర్లలోనే ముందు బయటపడుతుంది. కింది గేర్లో బండి తేలిగ్గా దూకుతుంది కాబట్టి క్లచ్ మీద పూర్తి బరువు పడదు. అందుకే విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నడిపి చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు. పొద్దున్నే, మంగళగిరి వైపు హైవే మీద ఖాళీ దొరికిన చోట, ఇంజన్ బాగా వేడెక్కాక, ఐదో గేర్లో 50 దగ్గర స్థిరంగా పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఆర్‌పీఎం ముల్లు, వేగం కలిసి పెరగాలి. ముల్లు గబుక్కున లేచి, స్పీడు మెల్లగా దాని వెనక పాకితే క్లచ్ జారుతున్నట్టే. రెండూ పెరగకుండా బండి మొద్దుగా ఉంటే దోషం క్లచ్‌ది కాదు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు సరఫరా, పట్టేసిన బ్రేకు చూసుకోవాలి. ఈ తేడా తెలియక మంచి ప్లేట్లు మార్పించుకున్నవాళ్లు ఎందరో.

వదలని క్లచ్‌కి ఇంట్లోనే పరీక్ష ఉంది. వెనక చక్రం నేలకు తగలకుండా ప్యాడాక్ స్టాండు మీద పెట్టి, ఇంజన్ వేడయ్యాక లివర్ పూర్తిగా నొక్కి మొదటి గేరు వేయండి. చక్రం మెల్లగా తిరుగుతుంది. అది ఆయిల్ చిక్కదనం వల్ల, తప్పేం కాదు. ఇప్పుడు బ్రేకు పెడల్ మెత్తగా నొక్కండి. చక్రం ఆగిపోయి ఇంజన్ మామూలుగా నడుస్తుంటే క్లచ్ వదులుతోంది. ఇంజన్ కుంగి ఆగిపోబోతే వదలడం లేదు. చక్రాన్ని చేత్తో గానీ కాలితో గానీ ఆపొద్దు, చైను పక్కన వేలు పెట్టొద్దు.

బండి కొనడానికి వెళ్తుంటే ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకు ఫోన్లోనే చెప్పండి. చల్లటి ఇంజన్లో కనపడే అంటుడు వేడెక్కాక దాక్కుంటుంది. నెలల తరబడి నిలబెట్టిన బండిలో ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటప్పుడు ఇంజన్ ఆపి, రెండో గేర్లో పెట్టి, లివర్ నొక్కి ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు నెట్టండి. చాలాసార్లు విడిపోతాయి.

కేబుల్

సగం జబ్బులు ఇక్కడే. లివర్‌ని మెత్తగా లాగితే మొదట కాస్త ఖాళీగా కదిలి తర్వాత బిగువు తగలాలి. ఆ ఖాళీని లివర్ కొన దగ్గర స్కేలు పెట్టి కొలవండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. యమహా వాళ్లు ఆర్15కి 10–15 మి.మీ. అంటారు. చాలా బళ్లకు 10–20 మి.మీ. మధ్యలోనే ఉంటుంది, మీ బండి మాన్యువల్లో అంకె చూసుకోండి. ఖాళీ అసలు లేకపోతే లివర్ వదిలినా కేబుల్ కొద్దిగా లాగే ఉంచుతుంది, స్ప్రింగు నొక్కుడు తగ్గుతుంది, క్లచ్ జారి ప్లేట్లు కాలతాయి. ఎక్కువుంటే లివర్ చివరిదాకా నొక్కినా వదలదు. లివర్ "టైటుగా ఉంటే బాగుంటుంది" అని ఖాళీ లేకుండా బిగించడం క్లచ్‌ని చేతులారా కాల్చుకోవడం.

సరిచేసే వరస ముఖ్యం. లివర్ దగ్గరి అడ్జస్టర్ లాక్‌నట్టు వదులు చేసి, అడ్జస్టర్‌ని లోపలికి దాదాపు పూర్తిగా తిప్పేయండి. ఇప్పుడు ఇంజన్ పక్కనున్న కింది అడ్జస్టర్‌తో ఖాళీని లెక్కలోకి తెండి. చివరి ఒకటి రెండు మి.మీ. మాత్రం పైన తెచ్చుకోండి. లాక్‌నట్లు బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు కదులుతుంది. ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో హ్యాండిల్‌ని ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పండి. ఖాళీ మారితే కేబుల్ వేసిన దారి తప్పు. క్లిప్ ఆన్ హ్యాండిల్ (ఫోర్కులకు విడివిడిగా బిగించేది) బళ్లలో ఫెయిరింగ్, అంటే ప్లాస్టిక్ కవచం, విప్పి పెట్టినప్పుడు కేబుల్ తప్పుదారిలో కూర్చోవడం మామూలే.

ఆ తర్వాత లివర్ లోపలి కేబుల్ గుండును చూడండి. టార్చి వేసి దగ్గరగా. గుండు లివర్ రంధ్రంలో తిరగాలి. గ్రీజు ఎండిపోయి తిరగకపోతే లివర్ నొక్కిన ప్రతిసారీ గుండు పక్కన తీగ వంగుతుంది, ఒక్కో పోగే తెగుతూ వస్తుంది. ఒక్క పోగు లేచి కనపడినా కేబుల్ మార్చేయండి. మిగతావి తెగడానికి ఎక్కువ రోజులు పట్టదు, అదీ వారధి మీద సాయంత్రం రద్దీలోనే తెగొచ్చు.

ఆయిల్

కేబుల్ సరిగా ఉండీ జారుతుంటే ముందు ఆయిల్ మార్చండి. డబ్బా వెనక జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిళ్లలో ఇంధనం ఆదా కోసం రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటాయి, అవి తడి క్లచ్‌ని జార్చేస్తాయి. జాసో మోటారు సైకిళ్లకు విడిగా టి903 ప్రమాణాన్ని 1998లో తెచ్చింది అందుకే. ఎంబీ అని ఉన్నది తక్కువ రాపిడి ఆయిల్, గేర్లున్న ఈ బళ్లకు పనికిరాదు. పాత యజమాని ఏం పోశాడో మీకు తెలియదు కాబట్టి ఫిల్టరు కూడా మార్చి, 200–300 కి.మీ. నడిపి మళ్లీ పరీక్షించండి. 10W-40 చెప్పిన బండిలో అంతకంటే చిక్కటి 20W-50 పోస్తే పొద్దుటిపూట అంటుడు పెరుగుతుంది. కొలతకు మించి పోసినా అంతే.

పాత ఆయిల్ తెల్ల గుడ్డ మీద పోసి ముక్కుకు దగ్గరగా పెట్టి చూడండి. కాలిన వాసన, నల్లటి రవ్వలు ఉంటే ప్లేట్ల పూత రాలుతోంది. అప్పుడిక విప్పాల్సిందే.

విప్పడం, కొలవడం

ఇంజన్ చల్లారాక ఆయిల్ దించి, కేబుల్ విప్పి, కుడి వైపు కవరు తీయండి. కవరు బోల్టులు ఒకే పొడవు కావు. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ చోట గుచ్చండి. ప్యాకింగ్‌ని స్క్రూడ్రైవరుతో గీకొద్దు, అల్యూమినియం గాటు పడితే జీవితాంతం ఆయిల్ కారుతుంది. దొంతర మీద నొక్కి కూర్చునే ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, పావు చుట్టు చొప్పున వదులు చేయండి. ప్లేట్లు తీసినవి తీసినట్టే తీగకు గుచ్చండి. కొన్ని బళ్లలో చివరి ప్లేటు చెవులు వేరే గాడుల్లో కూర్చుంటాయి, కొన్నిట్లో లోపల కుదుపు ఆపే సన్నటి జడ్డర్ స్ప్రింగు ఉంటుంది. వరస తప్పితే కొత్త సెట్టు వేసినా బండి కుదుపుతుంది.

క్లచ్ ప్లేటు మందాన్ని వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. కొత్తది చాలా బళ్లలో 3 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. మాన్యువల్ చెప్పిన హద్దు కంటే ఒక్కటి దిగినా సెట్టంతా మార్చాలి. మందం ఉండి పైన అద్దంలా మెరుస్తున్నా పనికిరాదు. స్టీలు ప్లేటును అద్దపు పలక మీద పెట్టి అంచు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. వంపు హద్దు బండిని బట్టి మారుతుంది, మాన్యువల్లో చూసుకోండి. నీలం రంగు తిరిగినవి బాగా వేడెక్కినవి, వంపు కొలవకుండా మళ్లీ వేయొద్దు. స్ప్రింగులు ఒక్కటి పొట్టిదైనా అన్నీ కలిపి మార్చండి.

ఇక హౌసింగ్. ఎక్కువమంది వదిలేసేది ఇదే. గాడి గోడ మీద గోరు నిలువుగా లాగండి. ప్లేటు చెవులు కొట్టుకుని పడిన గంట్లుంటే గోరు తట్టుకుంటుంది. లివర్ నొక్కినా ప్లేట్లు ఆ గంట్లలో ఇరుక్కుని విడిపోవు. కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ వదలడం లేదని వచ్చే ఫిర్యాదుల వెనక ఎక్కువసార్లు ఇదే ఉంటుంది. పైపై గంట్లను సన్న ఆకురాయితో సమం చేయొచ్చు. లోతుగా ఉంటే హౌసింగ్ మార్చాలి. ఆకురాయితో లోతుగా అరగదీస్తే గాడి వెడల్పై ప్లేట్లు కొట్టుకోవడం ఇంకా పెరుగుతుంది.

ఆటోనగర్‌లో సెట్టు కొనేటప్పుడు క్లచ్ ప్లేట్లు, స్టీలు ప్లేట్లు, స్ప్రింగులు, ప్యాకింగ్ అన్నీ అడగండి. పాత ప్లేటు చేతిలో పట్టుకెళ్లి చెవుల వెడల్పు, పళ్ల లెక్క పోల్చి చూసుకోండి. ఆర్15 వీ3, నింజా 300 లాంటి వాటిలో అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ (లివర్ తేలిక చేసి, గేరు దించేటప్పుడు కుదుపు తగ్గించేది) ఉంటుంది, మామూలు మోడల్ స్ప్రింగులు వాటికి వేయొద్దు.

కొత్త క్లచ్ ప్లేట్లను రాత్రంతా మంచి ఇంజన్ ఆయిల్లో నానబెట్టండి. ఎండువి వేస్తే మొదటి కిలోమీటర్లలోనే కాలతాయి. ప్రెషర్ ప్లేటు ఎం6 బోల్టులు చాలా బళ్లలో 10 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాలి. బలం కొద్దీ పానా తిప్పితే హబ్‌ మీది అల్యూమినియం కంబాలు విరుగుతాయి. ఎదురెదురుగా, రెండు మూడు దఫాల్లో బిగించండి. కవరు వేసేముందు దాన్ని సరైన చోట కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఆయిల్ పోశాక కేబుల్ ఖాళీని మొదటినుంచీ సరిచేయండి, కొత్త ప్లేట్లతో అది మారుతుంది. మొదటి 300 కి.మీ. హాఫ్ క్లచ్ మీద బండిని ఆపి ఉంచడం, గట్టిగా రేజ్ చేసి వదలడం చేయొద్దు. ఆ తర్వాత ఖాళీ మరోసారి కొలవండి.

4వ పాఠంలో హైడ్రాలిక్ క్లచ్: గాలి చేరడం, మాస్టర్ సిలిండర్ సీలు, ద్రవం మార్చే పద్ధతి. ఈలోగా మీ బండి లివర్ ఖాళీ ఎన్ని మి.మీ. ఉందో చల్లటి ఇంజన్ మీద కొలిచి రాసి పెట్టుకోండి.