మళ్లీ మళ్లీ ఈస్ట్ ఇన్‌ఫెక్షన్: నూనె రాయాలా, మందు వాడాలా?

ఏడాదిలో మూడుసార్లో అంతకంటే ఎక్కువో దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట వస్తుంటే, హన్మకొండ చౌరస్తాలో మెడికల్ షాపువాణ్ని అడిగి క్రీమ్ తెచ్చుకోవడం ఆపి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలోనో దగ్గర్లోని గైనకాలజిస్టుకో చూపించుకుని స్వాబ్ కల్చర్ (తెల్లబట్ట నమూనాలో ఏ రకం ఈస్ట్ ఉందో చూసే పరీక్ష), షుగర్ టెస్టు చేయించుకోండి.

టీ ట్రీ నూనె, లవంగ నూనె ల్యాబ్‌లో కాండిడాను, అంటే ఈ ఇన్‌ఫెక్షన్ తెచ్చే ఈస్ట్‌ను, చంపుతాయి, నిజమే. కానీ గాజు పళ్లెంలో జరిగింది ఒంట్లో జరగాలని లేదు, పైగా యోని లోపలి చర్మం చాలా సున్నితం, పలచన చేయకుండా నేరుగా రాస్తే మంటెత్తి పుండవుతుంది. దయచేసి లోపల పెట్టొద్దు, తాగొద్దు.

డాక్టర్లు సాధారణంగా ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మాత్ర 150 మి.గ్రా. 1, 4, 7వ రోజుల్లో, ఆ తర్వాత వారానికొకటి చొప్పున 6 నెలలు రాస్తారు. దురద తగ్గింది కదా అని మధ్యలో మానకండి. గర్భిణులకు ఈ మాత్ర వద్దు, 7 రోజులు వాడే క్లోట్రిమజోల్ క్రీమ్ గురించి అడగండి. కాండిడాలో గ్లాబ్రాటా అనే రకమైతే ఫ్లూకోనజోల్‌కు సరిగా లొంగదు, అందుకే కల్చర్ అంటున్నా.