ఏజెన్సీ ఉద్యోగం మాని సొంత బ్రాండింగ్ స్టూడియో: ఉద్యం, జీఎస్టీ, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు విధానం

ప్రకటనల ఏజెన్సీలో ఆర్ట్ డైరెక్టర్‌గానో, కాపీరైటర్‌గానో, డిజైనర్‌గానో పనిచేసి, ఇక సొంతంగా లోగోలు, ప్యాకేజింగ్, బ్రాండ్ పనులు చేపట్టాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇలా మొదలుపెట్టే వాళ్లలో ఎక్కువమంది ప్రొప్రయిటర్లే, అంటే వ్యాపారమూ మనిషీ చట్టం దృష్టిలో ఒకటే. ఇక్కడ చెప్పేదంతా వారికే వర్తిస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్, ఎల్‌ఎల్‌పీ పద్ధతి వేరు.

ప్రొప్రయిటర్‌షిప్‌కు విడిగా పుట్టుక పత్రం అంటూ ఉండదు. ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్, షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, వీటన్నిటిలో స్టూడియో పేరు ఒకేలా ఉండటమే దాని ఉనికికి రుజువు. ఒకదాంట్లో ‘స్టూడియో’, ఇంకోదాంట్లో ‘స్టూడియోస్’ అని పడితే బ్యాంకు దగ్గరే ఆగిపోతారు. అందుకే ఇంగ్లీషు స్పెల్లింగు, ఖాళీలు, చుక్కలతో సహా పేరును ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకుని ప్రతి ఫారంలోనూ అచ్చం అలాగే ఎక్కించండి.

రాజీనామాకు ముందు

మీ నియామక పత్రంలో ‘ఉద్యోగంలో ఉండగా వేరే వ్యాపారం చేయరాదు’ అన్న షరతు ఉందేమో చూడండి. చాలా ఏజెన్సీల్లో ఉంటుంది. ఉద్యోగం వదిలాక అదే రంగంలో పనిచేయకూడదనే నిషేధం 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద సాధారణంగా చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే షరతు, రహస్య సమాచారం బయటపెట్టకూడదనే షరతు మాత్రం చెల్లుతాయి. జీఎస్టీ పోర్టల్‌లో పాన్ నంబరు కొడితే దాని మీద ఉన్న రిజిస్ట్రేషన్, అది మొదలైన తేదీ ఎవరికైనా కనిపిస్తాయి. రిలీవింగ్ లెటర్ రాకముందే జీఎస్టీ తీసుకుంటే, షరతు దాటినట్టు మీరే లిఖితపూర్వకంగా చెప్పినట్టవుతుంది. తొందరేమీ లేదు, రిలీవింగ్ తేదీ దాటాకే దరఖాస్తు చేయండి.

ఏజెన్సీలో జీతం మీద చేసిన పనుల కాపీరైట్ కూడా, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం సెక్షన్ 17(సి) ప్రకారం యజమానిదే. పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి మెయిల్ ద్వారా అనుమతి తీసుకోండి. నోటీసు పీరియడ్‌లో అడిగితే సులువుగా దొరుకుతుంది, బయటికి వచ్చాక కష్టం.

మొదట ఉద్యం

ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా చివర ‘జీఓవీ డాట్ ఇన్’ ఉంటుంది. అలాంటి రూపంతోనే కనిపిస్తూ వెయ్యీ రెండు వేలూ వసూలు చేసే ప్రైవేటు పేజీలు వెతుకులాటలో పైకి వస్తాయి, జాగ్రత్త.

కావలసినవి మీ ఆధార్, దానికి జతపరిచిన మొబైల్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు. ఏ పత్రమూ అప్‌లోడ్ చేయనక్కర్లేదు, అంతా స్వీయ ప్రకటన. చట్టప్రకారం జీఎస్టీ అవసరం లేనివారు జీఎస్టీ నంబరు లేకుండానే పూర్తిచేయవచ్చు. ప్రధాన కార్యకలాపం దగ్గర ‘సర్వీసెస్’ ఎంచుకోండి. వ్యాపార రకాన్ని తెలిపే ఎన్‌ఐసీ కోడ్‌లలో ప్రకటనల పనికి 73100, డిజైన్ పనులకు 7410 తరగతిలోనివి. రెండూ చేర్చుకోవచ్చు. ఒక పాన్‌కు ఒకటే ఉద్యం కాబట్టి గతంలో ఇంకేదైనా చిన్న వ్యాపారానికి తీసుకుని ఉంటే కొత్తది రాదు, పాతదాన్నే సవరించాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల లోపు ఉంటే మైక్రో సంస్థే.

దీన్ని మొదట పెట్టడానికి గట్టి కారణం ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం 2006 ప్రకారం మైక్రో, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజుల్లోనే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. ఏజెన్సీ నుంచి వచ్చిన వాళ్లకు 90 రోజుల క్రెడిట్ మామూలు విషయంలా అలవాటైపోయి ఉంటుంది. ఒంటరి స్టూడియో దాన్ని తట్టుకోలేదు. మీ ఉద్యం నంబరు మొదటి కొటేషన్ మీదే కనిపించాలి. పని ఒప్పుకున్నాక తీసుకుంటే, ఆ పాత పనికి ఈ రక్షణ వర్తిస్తుందా లేదా అనే వాదనలో ఇరుక్కుంటారు.

కరెంట్ ఖాతా తెరవడానికి బ్యాంకు సాధారణంగా సంస్థ పేరుతో రెండు పత్రాలు అడుగుతుంది. ఉద్యం ఒకటి. రెండోదిగా కార్మిక శాఖ ఇచ్చే షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది.

జీఎస్టీ ఎప్పుడు తప్పనిసరి

సేవలకు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆర్థిక సంవత్సరానికి 20 లక్షలు. సరుకులకు వేరే లెక్కలున్నాయి, వాటితో కలపకండి. బెంగళూరు క్లయింట్ వచ్చాడు కాబట్టి వెంటనే జీఎస్టీ తీసుకోవాలన్నది తప్పు. 2017 అక్టోబరు 13 నోటిఫికేషన్‌తో, అంతర్రాష్ట్ర సేవలిచ్చేవారికి కూడా 20 లక్షల వరకు మినహాయింపు ఉంది.

బ్రాండింగ్ వాళ్లు తడబడేది మరో చోట. మీ డిజైన్ ఫీజు ఏడాదికి 9 లక్షలే కావచ్చు. కానీ క్లయింట్ కోసం కార్టన్లు, బ్రోషర్లు ప్రింట్ చేయించి ఆ 12 లక్షలూ మీ బిల్లులోనే వేస్తే టర్నోవర్ 21 లక్షలు. ప్రెస్‌కు కట్టిన డబ్బు మీ ఆదాయం కాకపోయినా ఈ లెక్కలో చేరుతుంది. ప్రింటర్ నేరుగా క్లయింట్ పేరుతో బిల్లు ఇచ్చేలా చూసుకోవడం అన్నిటికంటే సురక్షితం. అది కుదరకపోతే జీఎస్టీ రూల్ 33 చెప్పే ‘ప్యూర్ ఏజెంట్’ షరతులు పాటించాలి: క్లయింట్ తరఫున చెల్లించేందుకు ఒప్పందంలో అధికారం ఉండాలి, ఇన్వాయిస్‌లో విడి లైనుగా చూపాలి, అసలు ఖర్చుకు పైసా ఎక్కువ వసూలు చేయకూడదు. పది శాతం ‘ప్రొడక్షన్ మార్జిన్’ కలిపారంటే ఆ మినహాయింపు పోయినట్టే. ఇంటి అద్దె ఆదాయం ఉంటే, దానికి పన్ను లేకపోయినా, అదీ ఈ 20 లక్షల లెక్కలోకే వస్తుంది. ఏజెన్సీ జీతం మాత్రం రాదు.

పరిమితి దాటిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు చేస్తే, దాటిన తేదీ నుంచే రిజిస్ట్రేషన్ చెల్లుతుంది. ఆలస్యం చేస్తే మంజూరైన తేదీ నుంచే. మధ్యలో వేసిన బిల్లులకు 18 శాతం మీ జేబులోంచే పోవచ్చు.

పరిమితి దాటకున్నా స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. క్లయింట్లు ఎక్కువగా కంపెనీలైతే తీసుకోవడమే మేలు, మీరు వేసే పన్ను వాళ్లకు క్రెడిట్‌గా తిరిగొస్తుంది. క్లయింట్లు చిన్న బేకరీలు, బొటిక్‌లు, హోమ్ ఫుడ్స్ వాళ్లు అయితే ఆగండి. ఆ 18 శాతం వాళ్లకు నికర భారం. తక్కువ రేటుతో పన్ను కట్టే 6 శాతం కాంపోజిషన్ పథకం ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ అందులో వేరే రాష్ట్రానికి సేవలివ్వకూడదు, క్లయింట్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు. బ్రాండింగ్ పనికి అది కుదరదనే మా అభిప్రాయం.

ఆర్‌ఈజీ-01 నింపడం

జీఎస్టీ రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారమే ఆర్‌ఈజీ-01. దాని పార్ట్ ఏలో రాష్ట్రం, జిల్లా, పాన్, మెయిల్, మొబైల్ ఇస్తే ఓటీపీలు వచ్చి టీఆర్‌ఎన్ అనే తాత్కాలిక నంబరు వస్తుంది. దానికి 15 రోజులే ఆయుష్షు. అందుకే పత్రాలన్నీ చేతికొచ్చాకే పార్ట్ ఏ మొదలుపెట్టండి.

మన వాళ్లకు మొదటి అడ్డంకి ఇంటిపేరు. ఆధార్‌లో ‘కె. లక్ష్మి’, పాన్‌లో పూర్తి ఇంటిపేరుతో ఇంకో వరుసలో ఉంటుంది. పెళ్లయ్యాక ఒకదాంట్లోనే పేరు మార్చుకున్న వాళ్లూ ఉంటారు. పుట్టిన తేదీ తేడా అయితే ఇక చెప్పనక్కర్లేదు. ముందు ఆధార్‌నో పాన్‌నో సరిచేయించి, రికార్డులు మారేదాకా ఆగి, అప్పుడు ఫారం తెరవండి. ‘లీగల్ నేమ్’ పాన్‌లోని మీ పేరే అవుతుంది, స్టూడియో పేరు ‘ట్రేడ్ నేమ్’ గడిలోకి వెళ్తుంది.

పార్ట్ బీలో పది ట్యాబ్‌లుంటాయి. ఫొటో జేపీఈజీ రూపంలో 100 కేబీ లోపు ఉండాలి. కారణం దగ్గర ‘వాలంటరీ’ లేదా పరిమితి దాటడం, ఏది నిజమైతే అది. సేవల ట్యాబ్‌లో డిజైన్‌కు ఎస్‌ఏసీ (సేవల కోడ్) 998391, ప్రకటనలకు 998361. ప్రొప్రయిటర్‌కు డిజిటల్ సంతకం అక్కర్లేదు, ఓటీపీతో సమర్పించవచ్చు.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది చిరునామా ట్యాబ్‌లోనే. ఫ్లాటు నాన్నగారి పేరు మీద ఉంటే ‘ఓన్’ అని పెట్టకండి, అది ‘కన్సెంట్’. తెల్లకాగితం మీద ఆయన సమ్మతి పత్రం, ఆయన గుర్తింపు కార్డు, ఇంటి పన్ను రసీదు లేదా కరెంటు బిల్లు జతచేయాలి. అద్దె ఇల్లయితే అగ్రిమెంటు, యజమాని పేరున ఉన్న పన్ను రసీదు లేదా కరెంటు బిల్లు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకపోతే యజమాని గుర్తింపు పత్రం కూడా. కేంద్ర జీఎస్టీ అధికారులకు 2025 ఏప్రిల్ 17న వచ్చిన సూచనల ప్రకారం ఇంతకు మించి యజమాని పాన్, ఫొటో వంటివి అడగకూడదు. పాత డోర్ నంబరు పన్ను రసీదులో, కొత్తది కరెంటు బిల్లులో ఉండటం మన ఊళ్లలో మామూలే. రెంటిలో ఒక్కటే జతచేసి, ఫారంలోనూ అగ్రిమెంటులోనూ అదే నంబరు వాడండి. చనిపోయిన తాతగారి పేరున బిల్లు వస్తుంటే ప్రశ్న తప్పదు, ముందు పేరు మార్పించండి. కో-వర్కింగ్ అయితే అగ్రిమెంటులో సీటు లేదా క్యాబిన్ నంబరు స్పష్టంగా రాయించుకోండి.

ఆ తర్వాత ఆధార్ ధ్రువీకరణ. చాలామందికి ఓటీపీతో ముగుస్తుంది. కొందరిని బయోమెట్రిక్‌కు పిలుస్తారు. మెయిల్‌లో వచ్చే లింకుతో సేవా కేంద్రంలో స్లాట్ తీసుకుని, అసలు పత్రాలతో వెళ్లాలి. ఇది 15 రోజుల్లో పూర్తికాకపోతే, దరఖాస్తు అందినట్టు ఇచ్చే ఏఆర్‌ఎన్ నంబరు రాదు, అంటే దరఖాస్తు చేయనట్టే.

ఏఆర్‌ఎన్ వచ్చాక మామూలుగా 7 పనిదినాలు. స్థల తనిఖీ పడితే 30 రోజుల దాకా. 2025 నవంబరు 1 నుంచి వచ్చిన రూల్ 14ఏ ఎంచుకుంటే 3 పనిదినాల్లోనే వస్తుంది. షరతు ఏమిటంటే, రిజిస్టర్డ్ క్లయింట్లకు మీరు వేసే పన్ను నెలకు 2.5 లక్షలు దాటకూడదు. 18 శాతం లెక్కన అది నెలకు సుమారు 13.88 లక్షల బిల్లింగు. కొత్త స్టూడియోకు ఇది చాలు.

అధికారి సందేహం వ్యక్తం చేస్తూ ఆర్‌ఈజీ-03 పంపితే 7 పనిదినాల్లో ఆర్‌ఈజీ-04లో జవాబివ్వాలి. అడిగిన దానికే, అడిగిన వరుసలోనే జవాబు రాయండి. ఆ గడువు తప్పితే తిరస్కరిస్తారు, మళ్లీ మొదటి నుంచి చేయాలి. నోటీసు మెయిల్ స్పామ్‌లోకి వెళ్లిపోతుంటుంది కాబట్టి రోజూ పోర్టల్‌లోకి వెళ్లి చూడటమే మంచిది.

నంబరు వచ్చాక

30 రోజుల్లో, లేదా మొదటి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) కంటే ముందే, బ్యాంకు ఖాతా నమోదు చేయాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది. బిల్లులేమీ లేని నెలలోనూ నిల్ రిటర్న్ వేయాలి, లేదంటే రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము. ఫాంట్ లైసెన్సులు, స్టాక్ ఫొటోలు విదేశీ సంస్థల నుంచి కొంటుంటే రివర్స్ చార్జ్ కింద 18 శాతం మీరే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు, కార్డు స్టేట్‌మెంట్లు మాత్రం దాన్ని దాచవు. విదేశీ క్లయింట్లకు పన్ను కట్టకుండా బిల్లు వేయాలంటే ఏటా ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయాలి.

స్టూడియో పేరుకు ట్రేడ్‌మార్క్

ఇతరుల బ్రాండ్లు కాపాడేవాళ్లు సొంత పేరును చివరికి నెట్టేస్తారు. పేరు ఖరారు చేసేముందే ట్రేడ్‌మార్కులు చూసే ప్రభుత్వ విభాగం ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి, ఉచ్చారణ పోలికతో కూడా. ఫారం టీఎం-ఏ, వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు (సరుకులు, సేవల వర్గానికి) 4,500 రూపాయలు. ప్రకటనలు, బ్రాండ్ సలహాలకు క్లాస్ 35, గ్రాఫిక్ డిజైన్‌కు క్లాస్ 42, రెండూ అయితే 9,000. రెండు రాష్ట్రాలకూ చెన్నై రిజిస్ట్రీయే.

‘ఎప్పటి నుంచి వాడుతున్నారు’ అన్న చోట ఉద్యోగంలో ఉన్నప్పటి తేదీ వేయకండి. దానికి అఫిడవిట్, ఆధారాలు అడుగుతారు, పైగా పాత యజమాని షరతును మీరు దాటినట్టు ఆ ఆధారాలే చూపుతాయి. ఇంకా వాడకపోతే ‘ప్రపోజ్డ్ టు బి యూజ్డ్’ చాలు. పరీక్షా నివేదికలో అభ్యంతరం వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. పేరు చేసే పనినే వర్ణిస్తుంటే సెక్షన్ 9 కింద, వేరే మార్కుకు దగ్గరగా ఉంటే సెక్షన్ 11 కింద అభ్యంతరాలు వస్తాయి. జర్నల్‌లో ప్రచురించాక 4 నెలలు ఎవరూ వ్యతిరేకించకపోతే రిజిస్ట్రేషన్ వస్తుంది, 10 ఏళ్లు చెల్లుతుంది.

క్లయింట్లకు చేసే లోగోల విషయంలోనూ ఒప్పందంలో ఒక వాక్యం అవసరం. హక్కులు బదిలీ చేసేటప్పుడు కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం 5 ఏళ్లకే బదిలీ అయినట్టు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టు లెక్క. పూర్తి ఫీజు అందాక బదిలీ జరుగుతుందనీ, ఎంతకాలానికో, ఏ దేశాలకో కూడా అందులోనే రాసి ఇద్దరూ సంతకాలు చేయండి.